తుపాకీకి ఉన్న రిజిస్టరు పురుగుమందుకు ఎందుకు లేదు? అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

తుపాకీ లైసెన్సుల ఫైలూ వ్యవసాయ శాఖ ఫైలూ రెండూ మీ టేబుల్ మీదికే వస్తాయి. ఆ రెండింటినీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడమని అడగడానికే ఈ లేఖ. మాలో కొందరం పైర్లకు ఏ మందు కొట్టాలో చెప్పేవాళ్లం, కొందరం ఆత్మహత్యకని ఆ మందు తాగి వచ్చినవాళ్లకు వైద్యం చేసేవాళ్లం.

ఇంట్లో తుపాకీ ఉంటే దానికో నంబరు ఉంటుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు కోరేవారు ఆరోగ్యం, మానసిక స్థితిపై డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. 5 ఏళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. అదే ఇంట్లో స్ప్రేయర్ పక్కన, గోడ గూట్లో, అత్యంత విషపూరితమని చెప్పే ఎర్ర త్రికోణం ముద్ర ఉన్న పురుగుమందు డబ్బా సగం ఖాళీగా నిలబడి ఉంటుంది. ఎవరు కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ప్రాణం తీసే వస్తువు ఇంట్లో ఉండటం వల్ల ఏం జరుగుతుందో ఎక్కువగా పరిశోధించింది తుపాకుల విషయంలోనే. 1992లో అమెరికాలో కెల్లర్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తుపాకీ ఉన్న ఇళ్లలో ఆత్మహత్య ప్రమాదం లేని ఇళ్ల కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువని తేలింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది. వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే కుర్ర సైనికులు తుపాకీని శిబిరంలోనే వదిలి వెళ్లాలన్నది. ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల కూడా ప్రధానంగా వారాంతాల్లోనే. సైనికుల కష్టాలు తీరిపోయి కాదు, ఆ రెండు రోజులు తుపాకీ చేతికి అందకపోవడం వల్ల. హ్యూస్టన్‌లో ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడిన యువతను అడిగితే, నలుగురిలో ఒకరు ఆ నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య 5 నిమిషాలు కూడా లేవన్నారు. బతికి బయటపడినవారిలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదని దశాబ్దాల పరిశీలనలో తేలింది. ఆ కాసేపు దాటించగలిగితే మనిషి మిగులుతాడు.

మన జిల్లాలో ఆ కాసేపట్లో చేతికి అందేది తుపాకీ కాదు, మందు డబ్బా. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అందులో దాదాపు నాలుగో వంతు విషంతోనే.

అసలు ఇంట్లో మందు ఎందుకు మిగులుతోంది? ఎకరాకు 16 లీటర్ల ట్యాంకులు 12 పడతాయనుకుందాం. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందైతే 384 మిల్లీలీటర్లు చాలు. అంగట్లో ఇచ్చేది అర లీటరు. అప్పు ఖాతా అయితే లీటరు డబ్బానే చేతిలో పెడతారు. వాన రాక శెనక్కాయ వాడిపోతే రెండో పిచికారీ మానేస్తారు, అదీ మిగిలిపోతుంది. వేయి రూపాయలు దాటే మందును ఏ రైతూ పారబోయడు. పంట పోయిన ఏడాదే ఇంట్లో మందు ఎక్కువ మిగులుతుంది. అప్పు గుండె మీద కూర్చునేదీ ఆ ఏడాదే.

అందుకని ఇంటింటికీ తాళం పెట్టె పంచితే సరిపోతుందని ఎవరైనా మీకు చెబితే దయచేసి తొందరపడకండి. శ్రీలంకలో 180 గ్రామాల్లో ఆ పని చేసి చూశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. పెట్టెలిచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆశ్చర్యం లేదు. తాళంచెవి ఆ ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడుంటుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. మందు కొట్టే రోజుల్లో రోజూ తాళం తీసి వేసే ఓపిక ఎవరికీ ఉండదు. చాలాసార్లు ప్రమాదంలో ఉన్న మనిషి తాళంచెవి ఉన్న ఆ రైతే. అంతకుముందు జరిగిన ఒక చిన్న ప్రయత్నంలో, పొలంలో దాచుకునే మందు కాస్తా పెట్టె పుణ్యమా అని ఇంట్లోకే వచ్చింది.

తమిళనాడు కడలూరు జిల్లాలో మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం మరో దారి పట్టింది. రెండు ఊళ్లలో రైతులందరి మందునూ ఊరుమ్మడి గదిలో, ఎవరి అర వారికి తాళంతో పెట్టించింది. ఆ ఊళ్లలో మందు తాగే ఘటనలు బాగా తగ్గాయి. 2013లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నదే. కానీ మన పల్లెలకు దగ్గరగా ఉన్నది ఇదే.

మన దగ్గర పెడితే ఆ గది ఎలా ఉండాలో చెబుతాం. ఇళ్ల మధ్య వద్దు, పొలాలకు పోయే దారిలో, రైతు సేవా కేంద్రానికి దగ్గరగా ఉండాలి. పైన గాలి పోయే జాలీ, కింద సిమెంటు గచ్చు, ఒలికితే చల్లడానికి ఇసుక, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు. ప్రతి అరకూ రెండు తాళాలు: ఒక చెవి రైతు దగ్గర, రెండోది కాపలాదారు దగ్గర. తెల్లారి 5 గంటలకే గది తెరవాలి, ఎందుకంటే ఎండెక్కకముందే మందు కొడతారు. కాపలాదారు 7 గంటలకు వస్తే వారం తిరిగేసరికి మందంతా మళ్లీ ఇళ్లకు చేరుతుంది. ఈ పథకం చెడితే అక్కడే చెడుతుంది. కాబట్టి ఊళ్లోనే ఉండే మనిషిని పెట్టి, నెల నెలా జీతం ఆగకుండా ఇవ్వండి. కౌలు రైతుకు పాస్‌బుక్ లేదని అర నిరాకరించకూడదు. ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చాకే ఆ మందు లెక్క మూయాలి. గది తలుపు మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాయించండి. కాపలాదారుకు ఒక్క మాట నేర్పాలి: పిచికారీ వేళ కాని వేళ ఒంటరిగా వచ్చి మందు అడిగే మనిషిని కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయాలి.

గదుల కంటే గట్టి పని నిషేధమే. శ్రీలంక 1995లో అత్యంత విషపూరిత మందులను ఆపింది, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 తర్వాత మరి కొన్నింటిని. ఆత్మహత్యల రేటు అప్పటి కంటే 70 శాతం దాకా తగ్గింది, దిగుబడులు పడిపోలేదు. మన కేంద్రం 2018లో 18 మందులను నిషేధించింది. నిషేధం మీ చేతిలో లేదని తెలుసు. కానీ 1968 క్రిమిసంహారకాల చట్టం 27వ సెక్షన్ కింద ప్రజల భద్రత కోసం ఒక మందు అమ్మకాన్ని 60 రోజుల దాకా ఆపే అధికారం రాష్ట్రానికి ఉంది. దానికి జిల్లా నుంచి లెక్కలతో సిఫారసు వెళ్లాలి.

ఆ లెక్కలే మన దగ్గర లేవు. ఆసుపత్రి రికార్డులో ‘పురుగుమందు’ అని మాత్రమే రాస్తారు. ఏ మందో, ఎక్కడ కొన్నదో, ఇంట్లో ఎక్కడ ఉన్నదో రాయరు. అమెరికాలో తుపాకుల నియంత్రణను ప్రోత్సహించడానికి ప్రభుత్వ ఆరోగ్య నిధులు వాడకూడదన్న 1996 నాటి డిక్కీ సవరణ తర్వాత తుపాకుల పరిశోధనకు కేంద్ర నిధులు ఇరవై ఏళ్లకు పైగా ఎండిపోయాయి. 2 కోట్ల 50 లక్షల డాలర్లు మళ్లీ కేటాయించింది 2019 చివర్లోనే. అక్కడ చట్టం అడ్డొచ్చింది. ఇక్కడ అడ్డేమీ లేదు, ఒక పేజీ ఫారం చాలు. అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ సామాజిక వైద్య విభాగానికి ఆ పని అప్పగించండి. పేర్లు బయటికి రాకుండా చూసుకుంటే మనుషులు దాచుకోరు.

కళ్యాణదుర్గం నుంచి జిల్లా ఆసుపత్రికి దాదాపు 60 కిలోమీటర్లు. ఆ లోపల పీహెచ్‌సీలో విరుగుడు ఇంజక్షన్ అట్రోపిన్ ఉండాలి, అదీ నాలుగైదు ఆంపూళ్లు (చిన్న గాజు సీసాలు) కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగిన కేసులో 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గకపోతే 5 నిమిషాలకోసారి రెట్టింపు చేస్తారు. ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. అంటే 5, ఆ తర్వాత 10, ఆ తర్వాత 20: పది నిమిషాల్లో 35 ఆంపూళ్లు అయిపోతాయి. ఒక్కో పీహెచ్‌సీలో కనీసం 100 ఆంపూళ్లు, ఆక్సిజన్ నిలవ ఉంచండి. ఊళ్లలో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించే అలవాటును ఆశా కార్యకర్తల ద్వారా మాన్పించాలి. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో ప్రాణాపాయం. ఎడమ పక్కకు పడుకోబెట్టి, తడిసిన బట్టలు తీసేసి, 108కి ఫోన్ చేసి, డబ్బాను వెంట తీసుకెళ్లాలి.

తుపాకుల మాటకొస్తే, ఎన్నికలప్పుడు వాడే డిపాజిట్ రిజిస్టరునే ఏడాది పొడవునా తెరిచి ఉంచండి. ఇంట్లో మనిషి మనసు బాగాలేదని కుటుంబం వచ్చి అడిగితే, కేసు లేకుండా, లైసెన్సు పోతుందన్న భయం లేకుండా కొన్నాళ్లు దాచి ఉంచే వీలు కల్పించండి.

మొదటి విడతగా కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ ప్రాంతాల్లో పది ఊళ్లు ఎంచండి. శెనక్కాయ విత్తనం పడేలోపు గదులు సిద్ధమైతే, తొలి పిచికారీ నాటికే మందు ఇళ్లలోంచి బయటికి వస్తుంది. ఊళ్ల ఎంపికకూ ఫారం తయారీకీ కాపలాదారుల శిక్షణకూ మీరు పిలిచిన రోజు వస్తాం.

ఇట్లు,
అనంతపురం జిల్లా వ్యవసాయ, వైద్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం