బ్యాటరీ మార్చాక బండి వణుకుతోందా?

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. నీ హోండా సిటీ కారుకి కొత్త బ్యాటరీ వేయించిన దగ్గర్నుంచి సిగ్నల్లో ఆగితే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సూది 500కి పడి బండి వణుకుతోంది, ఏసీ వేస్తే ఏకంగా ఆగిపోతోంది అన్నావు కదా. ఇంజెక్టర్లు మార్చాలన్న ఆ మెకానిక్‌కి పైసా ఇవ్వకు.

జరిగింది ఇదీ. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీలో, తెరుచుకుని మూసుకునే రేకు అంచున ఏళ్ల తరబడి కార్బన్ పేరుకుంటుంది, గాలి తగ్గుతుంది. ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పడిపోకుండా బండిలోని కంప్యూటర్ ఆ రేకును కొంచెం కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. బ్యాటరీ వైరు ఊడదీస్తే ఆ లెక్కంతా పోయి ఫ్యాక్టరీ లెక్కకు వచ్చేస్తుంది. లెక్క చెరిగింది గానీ కార్బన్ అక్కడే ఉంది. అందుకే గాలి చాలట్లేదు.

కంప్యూటర్‌కి ఆ లెక్క మళ్లీ నేర్పే ముందు, బ్యాటరీ మార్చినవాళ్లు చెయ్యి పెట్టిన చోటు చూడు. సిటీ బ్యాటరీ కొమ్ములు (టెర్మినల్స్) సన్నవి, వాటిని పట్టుకునే క్లాంప్ చేత్తో తిప్పితే కదలకూడదు. కదిలితే 10 నంబర్ స్పానర్‌తో బిగించు. నెగెటివ్ ముందు తీయాలి, చివర పెట్టాలి. క్లాంప్ వదులుగా ఉంటే గతుకు పడ్డప్పుడల్లా మెమరీ చెరిగిపోతుంది, ఎన్నిసార్లు నేర్పినా దండగే. మల్టీమీటర్ పెడితే ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 రావాలి. పక్కనున్న గాలి గొట్టం, సన్న రబ్బరు పైపులు, కనెక్టర్లు కూడా తడిమి చూడు. బుస్సుమని శబ్దం వస్తే ఎక్కడో పైపు ఊడినట్టే.

ఇక నేర్పడం. ఏసీ, లైట్లు, బ్లోయర్, పాటలు, ఫోన్ ఛార్జర్ అన్నీ ఆపు. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి స్టార్ట్ చెయ్యి. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా 3000 ఆర్‌పీఎం పట్టు. తర్వాత పెడల్ పూర్తిగా వదిలేసి 5 నిమిషాలు అలాగే ఉంచు. ఫ్యాన్ తిరిగిన సమయం ఆ ఐదులో కలపకు, చాలామంది తప్పేది ఇక్కడే! సూది 700 - 800 మధ్య నిలబడ్డాక ఏసీ వేసి చూడు. తర్వాత గన్నవరం దాకా ఓ చుట్టు తిరిగి రా, కాస్త ట్రాఫిక్, కాస్త హైవే. పెట్రోలు లెక్కలు అక్కడ సర్దుకుంటాయి.

అప్పటికీ వణికితే కార్బన్ మరీ ఎక్కువుందన్నమాట. తాళం తీసేసి, త్రాటిల్ క్లీనర్ గుడ్డకు కొట్టి తుడవాలి. కార్బ్యురేటర్ క్లీనర్ వద్దు, రేకు మీది పూత పోవచ్చు. రేకును తిప్పే మోటారు వైపు నేరుగా కొట్టొద్దు. తుడిచాక గాలి ఎక్కువై సూది 1200 దాటొచ్చు, కంగారు పడకుండా పైదంతా మళ్లీ చెయ్యి.

ఒక్క జాగ్రత్త. చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటే మాత్రం నడపకు. అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు; ఆ కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. లైటు నిలకడగా వెలిగితే స్కానర్ పెట్టించి కోడ్ రాసుకో. పీ0171 అంటే పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువ, పైపు లీకు వెతుకు. పీ0506 అంటే ఐడ్లింగ్ తక్కువ, త్రాటిల్ తుడవాల్సిందే.

అన్నట్టు డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఆటోమేటిక్‌గా పైకి రాకపోతే అదీ ఇందుకే: పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి, స్విచ్ రెండు సెకన్లు పట్టుకో. అయ్యాక ఏసీ ఆపి ఒకటి, వేసి ఒకటి, మీటర్ వీడియోలు పంపరా.

నీ
రాజు