బొటనవేలు బిగించొద్దన్నారు

లీడ్స్,
మంగళవారం రాత్రి

అప్పా,

ఆదివారం నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. నాలుగోసారి మీ మరిదికి, అదే మా ఆయనకి, చేస్తే "డ్యాన్సుకెళ్ళింది" అన్నాడట. నువ్వు నవ్వేసి పెట్టేశావట. హాస్యం కాదు, నిజంగానే వెళ్ళాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను. ఇందులో అమ్మకి ఎంత చదవాలో నువ్వే చూసుకో. గిడుగు పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టినదాన్ని, మాట ఎలా వస్తే అలా రాస్తాను. తప్పులు దిద్ది తిరిగి పంపకు, టీచరమ్మా.

మా వార్డులో పనిచేసే కొట్టాయం పిల్ల ఆరునెలలుగా పోరుతోంది. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా, సముద్రం ఒడ్డున ఒక హాలిడే క్యాంపులో జంట నాట్యాలు. పగలు క్లాసులు, రాత్రి తెల్లవారుజాము దాకా ఆట. మీ మరిదిని రమ్మంటే "నాకు క్రికెట్ ఉంది, నువ్వెళ్ళు" అన్నాడు. బస్సు ఎక్కించి "పడకు" అని ఒక్క మాట చెప్పాడు.

హాలిడే క్యాంపు అంటే మనం పూరీలో దిగే హోటలు లాంటిది అనుకోకు. పెద్ద కాంపౌండు, లోపల రైల్వే క్వార్టర్స్‌లా వరసగా గదులు, మధ్యలో హాళ్ళు, బారు, ఈతకొలను. బిల్లీ బట్లిన్ అనే ఆయన ఇక్కడి తూర్పు తీరంలోని స్కెగ్నెస్ అనే ఊళ్ళో తన మొదటి క్యాంపు తెరిచాడట. ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళకి వారం జీతానికి వారం సెలవు అని పిలిచాడు. ఎప్పుడో తెలుసా? 1936 ఏప్రిల్లో. అదే నెల ఒకటో తారీకున కదా ఒరిస్సా వేరే రాష్ట్రమై, మన పర్లాకిమిడి ఒరిస్సా వైపు, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపు పడింది! ఇక్కడ జనం సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, అక్కడ మన తాతలు రేపటి నుంచి మనం ఏ రాష్ట్రం వాళ్ళమని తలలు పట్టుకున్నారన్నమాట. ఈ ముక్క పక్కసీటు ఆవిడకి చెప్పాను. ఆవిడ మర్యాదగా తలూపింది.

మేం వెళ్ళిన క్యాంపు పేరెందుకులే, గదిలో హీటరు పనిచేయలేదు. రెండు రాత్రులు కోటు వేసుకునే పడుకున్నాం. అసలు పడుకున్నదే తక్కువ కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

డ్యాన్సు పేరు మోడర్న్ జైవ్. టీవీలో చూసే గౌన్లు, తోక కోట్లు ఏమీ ఉండవు. దీని ముత్తవ్వ 1920ల్లో న్యూయార్క్ హార్లెంలో నల్లవాళ్ళు ఆడిన లిండీ హాప్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిలతో ఆ ఆట ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ చేరింది. ఫ్రెంచివాళ్ళ తీరు చూసి 1980ల్లో లండన్‌లో కొందరు కష్టమైన అడుగులన్నీ తీసేసి, నడవడం వస్తే చాలు అన్నంత సులువు చేశారు. ఏ పాట పెట్టినా సరే, తాళం సమంగా ఉంటే ఆడేయొచ్చు. కాళ్ళకి పనిలేదు, పనంతా చేతులదే. నాకు చిక్కొచ్చింది అక్కడే.

క్లాసులో నడిపేవాళ్ళు ఒక వరస, అనుసరించేవాళ్ళు ఎదుటి వరస. ఎక్కువగా మగవాళ్ళే నడుపుతారు గానీ, మగవాళ్ళు తక్కువ కాబట్టి నడపడం నేర్చుకున్న ఆడవాళ్ళూ చాలామందే ఉన్నారు. ఒక మలుపు నేర్పి, రెండుసార్లు చేయించి, స్టేజి మీంచి మైకులో "ముగ్గుర్ని దాటి వెళ్ళండి" అంటుంది టీచరు. మనం మూడు అడుగులు పక్కకి జరిగితే కొత్త మనిషి, కొత్త చెయ్యి. గంటలో ఇరవై చేతులైనా పట్టుకుని ఉంటాను. చెమటచేతులు, చల్లటి చేతులు, ఇసుకకాగితంలాంటి ఒక మేస్త్రీ చెయ్యి. మొదటి అయిదారు చేతుల దాకా అమ్మ మొహం కళ్ళముందు కదిలింది. తర్వాత లెక్క తప్పకుండా జరగడమే సరిపోయింది, సిగ్గుకి తీరికేదీ?

అందరూ ఒకే మాట అన్నారు నన్ను. "బొటనవేలు తీసెయ్." చెయ్యి అందించగానే నేను గట్టిగా పట్టేస్తున్నాను. నాది నర్సు చెయ్యి కదా అప్పా, పద్దెనిమిదేళ్ళుగా మణికట్టు పట్టుకుని నరం వెతికే చెయ్యి. పట్టిందంటే అవతలి మనిషి కదలకూడదు. ఇక్కడేమో వేళ్ళు కొక్కెంలా వంచి అవతలివాళ్ళ వేళ్ళ మీద ఆన్చాలి అంతే, బొటనవేలు పైకి తేలి ఉండాలి. పట్టేస్తే తిరిగేటప్పుడు మణికట్టు మెలిపడుతుంది, వాళ్ళది గానీ మనది గానీ. శనివారం మధ్యాహ్నానికి నా బొటనవేలికి నేనే ప్లాస్టరు చుట్టుకున్నాను, గుర్తుండడానికి. కొట్టాయం పిల్ల పడిపడి నవ్వింది.

కొత్తవాళ్ళకి తోడుగా ఆడడానికి కొందరిని పెడతారు, వాళ్ళని టాక్సీ డ్యాన్సర్లంటారు. నాకు దొరికినాయన డెబ్భై దాటిన మనిషి, రిటైరైన బస్సు డ్రైవరు. రెండు పాటలు ఓపిక పట్టాడు. మూడో పాటలో ఆగిపోయి, "అమ్మా, నేను ఏం చెయ్యాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను, నువ్వు అప్పుడే తిరిగేశావు" అన్నాడు. బస్సు తిప్పే ముందు ఇండికేటరు వేసినట్టు, చెయ్యి కొంచెం పైకి లేస్తుందట, కొంచెం పక్కకి జరుగుతుందట. అది అందే దాకా ఒంటికాలి మీద బరువు వేసుకుని ఊరుకోవాలట. ఊరుకోవడం! నాకు! వార్డులో డాక్టరు నోరు తెరవకముందే ట్రే సర్దేసే దాన్ని, ఇంట్లో మీ మరిది దగ్గకముందే నీళ్ళందించే దాన్ని. అడగకముందే అందించి అందించి అలవాటైపోయింది. ఎవరో చెయ్యి ఎత్తే దాకా ఏమీ చెయ్యకుండా నిలబడటం ఇంత కష్టమని తెలీదు. ఆదివారం సాయంత్రం ఒక్క పాటలో, నాలుగు నిమిషాలుంటుందేమో, అది కుదిరింది. ఎటు తిరిగానో నాకే తెలీదు, ఎక్కడా గుద్దుకోలేదు. పాటయ్యాక ఆయన థాంక్స్ చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు గోడకానుకుని కూర్చున్నాను.

జయపురం పిన్నిగారింటికి వెళ్ళినప్పుడు మనిద్దరినీ గిరిజనుల ధింసా ఆటలోకి లాగారు, గుర్తుందా? అటొకామె, ఇటొకామె నడుం వెనకనుంచి చేతులు పెనవేసి పట్టుకున్నారు. అడుగు తప్పినా పడేది లేదు, వరసే మోసుకుపోతుంది. నువ్వు ఏడుస్తూనే మొత్తం ఆడావు. ఇక్కడ అలా మోసే వరస లేదు. ఇద్దరే, అదీ ఒక్క పాటకే. ఏది బాగుందని అడగకు. ధింసాలో ఎవరినీ రమ్మని పిలవనక్కర్లేదు, అదొక్కటి మాత్రం హాయి. ఇక్కడ ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ఎదురెళ్ళి "ఆడదామా" అని అడగాలి. నేను మొదటి రాత్రంతా చెప్పులు సర్దుకుంటున్నట్టు నటించాను. రెండో రాత్రి ఒకతన్ని అడిగితే, అతను అప్పుడే ఆడి ఆయాసపడుతూ "తర్వాతి పాటకి" అన్నాడు. మొహం మీద తలుపేసినట్టయింది. కానీ వెతుక్కుంటూ వచ్చాడు అప్పా, నిజంగా తర్వాతి పాటకే.

మగవాళ్ళు ఒక్కొక్కరు రాత్రికి మూడు నాలుగు చొక్కాలు మారుస్తారు. హాలు పక్కన కుర్చీల మీద ఆరేసిన తడి చొక్కాలు చూస్తే మన ఊరి మహేంద్రతనయ ఏటి రేవు జ్ఞాపకమొచ్చింది. చెప్పులకి అడుగున మెత్తటి తోలు ఉండాలి, రబ్బరు అయితే నేలకి పట్టేసి మోకాలు తిరిగిపోతుంది. నావి రబ్బరువి. మోకాలి సంగతి ఇక అడగకు.

మూడింటికి గదికొస్తే ఒకటే ఆకలి. నేను తీసుకెళ్ళిన రవ్వతో ఉప్మా చేశాను, బరంపురం అప్పడాలు మైక్రోవేవ్‌లో పెట్టాను. పక్క గది వాళ్ళు వాసన పట్టుకుని వచ్చారు, వాళ్ళ వెనక మా బస్సు డ్రైవరు కూడా. ఏడుగురం, నాలుగే ప్లేట్లు. ఎక్కడినుంచి వచ్చావంటే ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అంటే ఒడిశా అన్నాను. మరి నువ్వు ఫోన్లో మాట్లాడేది ఒడియానా అన్నాడాయన. తెలుగు అన్నాను. అప్పడం ముక్కలతో టేబులు మీద సరిహద్దు గీసి, ఇది మా ఊరు, ఇది పాతపట్నం, సినిమాకి అటు వెళ్ళేవాళ్ళం, బడి ఇటు అని చూపించాను. ఆయన అంతా విని పాతపట్నం తినేశాడు.

ఇక అసలు పని. వచ్చే నెల మీ ఆడపడుచు కొడుకు మాంచెస్టర్ వస్తున్నాడన్నావు కదా. వాడి చేత మన ఊరి కొమ్ము బొమ్మ ఒకటి పంపు, ఆ ముసలాయనకి ఇవ్వాలి. మా వాళ్ళందరికీ పంపే ఆ రొయ్య వద్దు. ఒంటికాలి మీద నిలబడే కొంగ ఉంటుంది చూడు, అది. ముక్కు విరక్కుండా పాత చీరలో చుట్టించు. డబ్బులు మీ మరిది రేపు వేస్తాడు.

అమ్మ అడిగితే యోగాకి వెళ్ళాననే చెప్పు.

నీ చెల్లి