యోనా కథలో హాస్యం ఎక్కడుంది?

సంపాదకులకు,

చెన్నై తెలుగు చర్చిల క్రిస్మస్ సంచికల్లో బైబిల్ ప్రవక్త యోనా మీద హాస్యకథ అంటే అతన్ని మింగిన చేప కడుపు దగ్గరే ఆగిపోతోంది. యోనా గ్రంథం 2వ అధ్యాయం దాదాపు అంతా ప్రార్థనే, అక్కడ జోకులు అతకవు. అసలు సరుకు 3, 4 అధ్యాయాల్లో ఉంది. ఊరు నాశనమవుతుందని యోనా చాటితే, నీనెవె నగర రాజు పశ్చాత్తాపంగా పశువులకూ ఉపవాసం పెట్టి గోనెపట్ట కట్టించమంటాడు. ఆ గోనె కట్టిన ఎద్దును కళ్ళకు కట్టిస్తే చాలు, వ్యాఖ్యానం వద్దు. దేవుడు కనికరించి ఊరు బతికిందని యోనాకు కోపం! నీడనిచ్చే సొరచెట్టును పురుగు తొలిచి, అది వాడిపోతే చావే మేలంటాడు. కుడిఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా జనం, బోలెడు పశువులు ఉన్న ఊరిమీద జాలిపడకూడదా అన్న దేవుడి ప్రశ్నతో గ్రంథం ఆగుతుంది. యోనా జవాబివ్వడు. అతనికి బుద్ధొచ్చినట్టు చివర్లో ఓ పేరా అతికించి ఉంటే, రచయితలు దయచేసి దాన్ని కొట్టేసి పంపండి.

- ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై