వెక్టర్ బొమ్మ కొన్నవారి చేతిలో ఒదగాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

స్టాక్ సైట్లలో (బొమ్మలు, ఫొటోలు వాడుకునే హక్కును అమ్మే వెబ్‌సైట్లలో) వెక్టర్ చిత్రాలు, అంటే పిక్సెళ్లతో కాక గీతలు, ఆకారాలతో కూర్చిన కంప్యూటర్ బొమ్మలు, అమ్మడం ఎలా మొదలుపెట్టాలో వివరిస్తూ మీ పత్రిక ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కొన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నదాన్ని కనుక, ఆ వ్యాసంలో చోటు దొరకని ఒక విషయాన్ని కొత్తవారి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. రోజుకు ఎన్ని బొమ్మలు పెట్టాలి, నెలకు ఎంత రావచ్చు అన్న లెక్కలు వ్యాసం నిండా ఉన్నాయి గాని, కొన్నవారు ఆ బొమ్మను ఏం చేసుకుంటారన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఫొటో కొన్నవారు దాన్ని చాలావరకు ఉన్నదున్నట్టే వాడుకుంటారు. వెక్టర్ కొన్నవారు ఫైలు తెరిచి, రంగులు మార్చి, అక్కర్లేని కొమ్మనో మబ్బునో తీసేసి, మిగిలినదాన్ని తమ కరపత్రానికో యాప్‌కో సరిపడేలా మలుచుకుంటారు. వారు డబ్బు పెట్టేది ఆ మార్చుకునే వీలు కోసమే. అందుచేత తెరమీద ఎంత అందంగా కనిపించినా, లోపల గీతలు చిక్కుపడి ఉన్న బొమ్మ వారికి ఎందుకూ కొరగాదు.

ఈ సంగతి నాకు మొదట్లో తెలియదు. పెన్సిల్‌తో వేసిన పూల బొమ్మలను స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్ చేత దానంతటదే ట్రేస్ చేయించి, అంటే గీతలుగా మార్పించి, పది బొమ్మలు ఒక సైటుకు పంపాను. దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. చాలా బాధపడ్డాను, పరిశీలకులకు బొమ్మ విలువ తెలియదనే అనుకున్నాను. తరువాత ఒకరోజు వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్ వ్యూ (రంగులు లేకుండా గీతలు మాత్రమే కనిపించే తీరు) పెట్టి చూస్తే, ఒక్క పూరేకు అంచు వెంటే వందలాది యాంకర్ పాయింట్లు (గీత ఆకారాన్ని పట్టి ఉంచే చుక్కలు) చీమల బారులా కనిపించాయి. అదే రేకును పెన్ టూల్‌తో మళ్లీ గీస్తే ఐదు పాయింట్లు సరిపోయాయి. ఎవరైనా ఆ రేకును కొంచెం వంచాలనుకుంటే మొదటి దానితో గంట కుస్తీ పట్టాలి, రెండవదానితో ఒక్క పాయింటు జరిపితే పని అయిపోతుంది.

ఆనాటి నుంచి పంపే ముందు ప్రతి ఫైలునూ అవుట్‌లైన్ వ్యూలో ఒకసారి చూడటం నాకు నియమమైంది. రంగు నింపిన ఆకారాల పాత్‌లు, అంటే వాటి అంచు గీతలు, అన్నీ మూసుకుని ఉండాలి. అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని ఆకారాలుగా) మార్చాలి, ఎందుకంటే మన దగ్గరున్న ఫాంటు కొన్నవారి దగ్గర ఉండకపోతే అక్షరాలు చెదిరిపోతాయి. ఎక్కడా ఫొటో ముక్క ఇమిడి ఉండకూడదు. విడిగా పడి ఉన్న పాయింట్లను, దాచిన లేయర్లను (పొరలను) తీసేయాలి. చెట్టు ఒక గ్రూపుగా, మనిషి ఒక గ్రూపుగా ఉంటే కొన్నవారు పేరు తెలియని మనకు మనసులోనే దండం పెట్టుకుంటారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేనివారు ఉచితంగా దొరికే ఇన్‌క్‌స్కేప్‌తో నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. అయితే అందులో వేసిన బ్లర్ (మసక) వంటి ఫిల్టర్లు ఈపీఎస్‌గా (వెక్టర్ బొమ్మల ఒక ఫైలు రకంగా) సేవ్ చేసేటప్పుడు పిక్సెల్ చిత్రాలుగా మారిపోతాయి కనుక, వాటి జోలికి పోకుండా చదునైన రంగులతో వేయడం క్షేమం.

కీవర్డుల (వెతికేవారికి బొమ్మ దొరికేలా జతచేసే మాటల) విషయంలోనూ కొన్నవారి వైపు నుంచే ఆలోచించాలి. స్టాక్ సైట్లలో షటర్‌స్టాక్ ఒక్కో బొమ్మకు 50 వరకు, అడోబీ స్టాక్ 49 వరకు కీవర్డులు పెట్టనిస్తాయి. అడోబీలో వరుసక్రమానికి విలువ ఉంటుంది, మొదటి పదీ అన్నిటికంటే ముఖ్యం. ఉన్న చోటంతా నింపాలన్న ఆరాటంతో బొమ్మలో లేనివాటి పేర్లు చేర్చడం వెతికేవారిని మోసగించడమే అవుతుంది.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. షటర్‌స్టాక్ 2020 జూన్‌లో తెచ్చిన పద్ధతి ప్రకారం చిత్రకారుల వాటా 15 శాతం నుంచి 40 శాతం వరకు ఆరు మెట్లుగా ఉంటుంది. డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ మెట్టు పెరుగుతుంది గాని, ఏటా జనవరి 1న అందరూ మళ్లీ మొదటి మెట్టుకే దిగిపోతారు. అడోబీ స్టాక్ వెక్టర్లకు 33 శాతం ఇస్తుంది. చందాదారులు చేసే డౌన్‌లోడ్లకు చాలాసార్లు వచ్చేది కొన్ని సెంట్లే. పది బొమ్మలు పెట్టి నెల తిరిగేసరికి ఆదాయం కోసం చూసేవారు నిరాశపడి మానేస్తున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఒకే బొమ్మ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అమ్ముడవగలదు గనుక, అది మొదటిసారి చక్కగా తయారవడమే ముఖ్యం.

ఇప్పుడు కృత్రిమ మేధతో బొమ్మలు పుట్టించి, వాటిని ట్రేస్ చేసి వెక్టర్లని పంపేవారు ఎక్కువయ్యారు. ఇలా పుట్టిన చిత్రాలను అడోబీ స్టాక్ ఆ సంగతి తప్పక పేర్కొనాలన్న షరతుతో తీసుకుంటుంది, షటర్‌స్టాక్ చిత్రకారుల నుంచి స్వీకరించదు. నియమాలు ఎలా ఉన్నా, ట్రేస్ చేసిన ఆ ఫైళ్లలో నా మొదటి పూరేకుల్లో ఉన్న చిక్కుముడే ఉంటుంది.

ఈ విషయంపై మీరు మరో వ్యాసం వేసేటట్లయితే, సంపాదన పట్టికకు బదులు రెండు పూరేకులను, ఒకటి ట్రేస్ చేసినది, ఒకటి చేత్తో గీసినది, అవుట్‌లైన్ వ్యూలో పక్కపక్కనే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక వెక్టర్ చిత్రకారిణి