సైలోసైబిన్ వార్తల్లో ఆ గది సంగతీ రాయండి

సంపాదకులకు,

కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే సైలోసైబిన్ కుంగుబాటుకు పనిచేస్తోందంటూ విదేశీ పరిశోధనల వార్తలు తరచూ చూస్తున్నాం. 25 మిల్లీగ్రాముల మోతాదు అని ఉంటుంది, గుణం కనిపించిందని ఉంటుంది. ఆ మందు వేసుకున్నవాళ్లు ఏ గదిలో, ఎవరి పక్కన, ఎలాంటి మనసుతో ఉన్నారన్నది మాత్రం ఉండదు. కుర్రాళ్లు చదివే వార్తలో ఇది చిన్న లోపం కాదు.

ఇలాంటి మందులపై ప్రయోగాలకు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన భద్రతా సూచనలు చూడండి. కుటుంబంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిని మొదటే పక్కన పెడతారు. మందుకు ముందు పలు విడతలుగా, గంటల తరబడి కూర్చుని మాట్లాడతారు. దగ్గరుండబోయేవాళ్ల మీద నమ్మకం కుదరాలి. గది ఆసుపత్రిలా ఉండదు. సోఫా, మసక వెలుగు, కళ్లకు గంతలు, చెవులకు సంగీతం. పదునైన అంచుల బల్లలు, గాజు సామాను ఉంచరు. భయం పట్టుకుంటే మాటల్లో పెట్టి దారి మళ్లించరు, అలా చేస్తే భయం ముదురుతుంది. చెయ్యి పట్టుకుని, వచ్చేదాన్ని రానివ్వమంటారు. శాంతపరిచే మందు ఇవ్వడం ఆఖరి ఉపాయం.

ఇదేమీ కొత్త ఎరుక కాదు. పెయోటీ అనే నాగజెముడు జాతి మొక్కలో ఉండే భ్రాంతి మందు మెస్కలిన్. దాన్ని తీసుకున్న తెల్లవారిలో అనుమానం, మనసు కుదురు తప్పడం కనిపిస్తే, ప్రార్థనలో భాగంగా పెయోటీ తిన్న నేటివ్ అమెరికన్లలో భక్తి, ఊరట కనిపించాయని మానవ శాస్త్రవేత్త ఆంథొనీ వాలెస్ 1959లోనే రాశారు.

అలాగని గది ఒక్కటే కాపాడదు. 1962లో బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో, గుడ్‌ఫ్రైడే ప్రార్థన వేళ పదిమంది విద్యార్థులకు సైలోసైబిన్ ఇచ్చారు. ఒకరు అదుపు తప్పితే శాంతపరచడానికి థొరాజిన్ అనే మానసిక వ్యాధుల మందు ఇంజెక్షన్ చేయాల్సి వచ్చింది. ఆ మాట అప్పటి నివేదికలో లేదు, 1991లో గానీ బయటపడలేదు.

మన దగ్గర సైలోసైబిన్ వాడకం మత్తుమందుల్ని అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. దొంగచాటుగా తీసుకునేవాడికి పోలీసుల భయం, లాడ్జి గది, పక్కవాళ్లూ మత్తులోనే, మోతాదు ఎంతో తెలియదు. హాప్కిన్స్ గదికి ఇది పూర్తిగా తలకిందులు.

ఎవరైనా అలా చిక్కుకుంటే ఒంటరిగా వదలొద్దు. బాల్కనీకి, రోడ్డుకు దూరంగా ఉంచండి. టీవీ ఆపి, లైట్లు తగ్గించి, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడండి. తిట్టొద్దు, కట్టేయొద్దు. ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా 108కి ఫోన్ చేసి, ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. తర్వాత మనసు కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416 ఉంది. ఇలాంటి వార్త వేసిన రోజున ఈ నాలుగు ముక్కలూ పక్కనే బాక్సు కట్టి వేయండి.

– మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న పాఠకులు, విశాఖపట్నం