జెట్ లైటర్లు ఇక మన కొట్లో ఉండవు

మన దగ్గర స్టవ్వులు, టెంట్లు అద్దెకు తీసుకెళ్ళేవాళ్ళకీ, లైటర్లు కొనుక్కెళ్ళినవాళ్ళకీ ఒక మాట. 350 రూపాయల జెట్ లైటర్, అంటే బటన్ నొక్కితే మంట జోరుగా చిమ్మేది, అమ్మడం ఆపేశాను. అద్దె కిట్లోంచి కూడా తీసేశాను. దాని బదులు చక్రం తిప్పే మామూలు లైటర్లు రెండు, ఒక అగ్గిపెట్టె పెడుతున్నాను. కిట్ విప్పి చూసి "ఇదేంటి, సిగరెట్ బడ్డీలో దొరికేది పెట్టాడు" అనుకుంటారని ముందే చెప్తున్నా.

పోయిన డిసెంబర్లో అయిదుగురు కుర్రాళ్ళు పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్ళడానికి కిట్ తీసుకెళ్ళారు. తెల్లవారుజామున పైకెక్కి, మేఘాలు చూస్తూ టీ పెట్టుకుందామని స్టవ్ బయటికి తీశారట. స్టవ్‌కి ఉన్న బటన్ నొక్కితే టక్ అంటుంది గానీ అంటుకోదు. జెట్ లైటర్ తీస్తే అదీ అంతే. అరగంట కుస్తీ పట్టి, కిందికి దిగి టీ కొట్లో తాగారు. వచ్చాక ఒకబ్బాయి కౌంటర్ మీద లైటర్ పెట్టి, "ఏటండీ, మూడొందల యాభై పెట్టి కొన్న లైటర్ చేతిలో పెట్టుకుని అగ్గిపెట్టె కోసం అడుక్కున్నాం" అన్నాడు.

నేను వెంటనే తప్పు ఒప్పుకోలేదు. "మంచుకి తడిసుంటుంది" అని తప్పించుకున్నాను. వాళ్ళు వెళ్ళాక అట్టపెట్టెలో మిగిలినవన్నీ బయటికి తీసి నొక్కి చూశాను. 22లో 6 వెలగలేదు. ఇక్కడ, కొట్లో, ఫ్యాన్ కింద! ఆ రాత్రి మిగిలినవాటిని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే తీస్తే మరో నాలుగు మొరాయించాయి. మా ఆవిడ పాల గిన్నె పక్కన లైటర్లు చూసి ఏమందో ఇక్కడ రాయను.

ఎందుకలా అవుతుందంటే, లైటర్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. అది ద్రవం నుంచి ఆవిరై బయటికొస్తేనే మంట. దాని మరుగు స్థానం సున్నాకి అర డిగ్రీ కింద. మన బీచ్ రోడ్డులో 30 డిగ్రీల వేడికి అది బాగానే తన్నుకొస్తుంది గానీ, ఏజెన్సీలో డిసెంబర్ తెల్లవారుజామున ఏడెనిమిది డిగ్రీలకి పడేసరికి లోపలి ఒత్తిడి సగానికి దిగిపోతుంది. లంబసింగిని అక్కడివాళ్ళు ఊరికే కొర్రబయలు అనలేదు, రాత్రి బయట పడుకుంటే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరు. మామూలు లైటర్‌కి ఒత్తిడి తగ్గితే మంట చిన్నదవుతుంది, అంతే. జెట్ లైటర్ అలా కాదు. సన్నటి రంధ్రంలోంచి గ్యాస్ జోరుగా వచ్చి, సరైన పాళ్ళలో గాలిని లాక్కుని కలవాలి. ఆ పాళ్ళు తప్పితే ఎన్నిసార్లు నొక్కినా టక్ టక్ తప్ప ఏమీ ఉండదు. రంధ్రంలో కాస్త నలుసు పడినా, గ్యాస్ నింపేటప్పుడు లోపల గాలి చిక్కుకున్నా అదే తంతు.

ఇక ఆ టక్ అనే భాగం. దాన్ని పీజో అంటారు. చిన్న సుత్తి లాంటిది స్ఫటికం మీద కొడితే వేల వోల్టుల కరెంటు పుట్టి రవ్వ ఎగురుతుంది. ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. మన వంటింటి లైటర్‌లో ఉన్నదీ అదే. మరి వంటింట్లో ఏళ్ళ తరబడి పనిచేస్తుంది కదా అంటారా? దాని స్ప్రింగ్ గట్టిది, రవ్వ సరిగ్గా మూతి దగ్గర పడుతుంది, పైగా పొయ్యి పక్కన పొడిగా ఉంటుంది. స్టవ్ బటన్లో సన్నటి తీగ కొస బర్నర్‌కి సరైన దూరంలో ఉండాలి. బ్యాగులో పడి రెండు మిల్లీమీటర్లు వంగినా రవ్వ ఎక్కడో పడుతుంది. మన ఊరి ఉప్పుగాలికి ఆ కొస తుప్పు పట్టడం కూడా నేను చూశాను. ఎవరైనా వంటింటి లైటర్ బ్యాగులో వేసుకొస్తే నవ్వను. గ్యాస్ స్టవ్‌కి అది బ్రహ్మాండం. కొవ్వొత్తికీ కట్టెలకీ మాత్రం పనికిరాదు.

చక్రం లైటర్లో ఉన్న గొప్పతనం రాయిలో ఉంది. మనం రాయి అంటాం గానీ అది సీరియం, ఇనుము లాంటి లోహాల మిశ్రమం. 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ తయారుచేశాడు. గరుకు చక్రం దాన్ని గీకితే రాలే పొడి గాలి తగలగానే మండుతుంది. లైటర్లో గ్యాస్ పూర్తిగా అయిపోయినా ఈ రవ్వ బయటే పడుతుంది కాబట్టి, స్టవ్ గ్యాస్ కొంచెం వదిలి బర్నర్ అంచున చక్రం తిప్పితే అంటుకుంటుంది. ఖాళీ లైటర్‌తో కొట్లో పదిసార్లు చేశాను, పదిసార్లూ వెలిగింది. జెట్ లైటర్‌లో రవ్వ గొట్టం లోపలే ఉండిపోతుంది, గ్యాస్ అయిపోతే దానితో చేయగలిగింది ఏమీ లేదు.

చక్రం లైటర్‌కీ లోపాలున్నాయి. బకెట్‌లో ముంచి తీస్తే వెంటనే వెలగలేదు. నీళ్ళు విదిలించి, చక్రాన్ని ప్యాంటు మీద పదిపదిహేను సార్లు దొర్లించాక రవ్వ వచ్చింది. చలికి వేళ్ళు మొద్దుబారితే తిప్పడం కష్టమే. బొటనవేలు చురుక్కుమనడం కూడా ఖాయం. అందుకే గ్యాస్ బారుగా తిప్పేసి తర్వాత లైటర్ వెతుక్కోకండి. ముందు లైటర్ వెలిగించి బర్నర్ అంచుకి పక్కనుంచి పెట్టి, ఆ తర్వాత గ్యాస్ మెల్లగా తిప్పండి. టెంట్ లోపల మాత్రం వద్దు. మంట సంగతి అటుంచి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కొనేటప్పుడు లోపలి గ్యాస్ కనిపించే రకం తీసుకోండి. రాత్రి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే పొద్దున మంట బాగుంటుంది. రెండోది వేరే బ్యాగులో ఉండాలి. అయిదు రూపాయల లైటర్లు ఏవని అడుగుతున్నారు. 20 రూపాయల లోపు సిగరెట్ లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో ఆపేసింది. నేను తెచ్చేవి 25 రూపాయలవి. అగ్గిపెట్టె 2021 డిసెంబర్ నుంచి రెండు రూపాయలే కాబట్టి దానికి డబ్బు తీసుకోవట్లేదు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి ఇస్తున్నాను. పుల్లల్ని పెట్టెతో సహా ఆ డబ్బాలోనే ఉంచండి. ఆ పుల్లలు గీకాల్సిన ఎర్ర భాస్వరం పూత పెట్టె పక్క అంచు మీదే ఉంటుంది, పుల్లలొక్కటే తీసుకెళ్తే లాభం లేదు.

అరకు వెళ్ళేవాళ్ళు కిరండూల్ రైల్లో గ్యాస్ డబ్బా తీసుకెళ్ళొద్దు, రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద శిక్ష ఉంది. విమానంలోనైతే లైటర్ కూడా కుదరదు, చెకిన్ బ్యాగులోనూ తీసేస్తారు.

అసలు ఈ జెట్ లైటర్ ఇన్నాళ్ళు ఎందుకు పెట్టానంటే, ఒక్కోదానికి 140 రూపాయలు మిగిలేది. చక్రం లైటర్‌కి నాలుగు రూపాయలు మిగిలితే గొప్ప. హోల్‌సేల్ ఆయన "గాలివానకి కూడా ఆరదు" అన్నాడు, నేను అదే మాట మీకు అప్పజెప్పాను. ఒక్కసారైనా కొండ మీదికి తీసుకెళ్ళి చూడలేదు.

మన దగ్గర కొన్న జెట్ లైటర్ ఎవరి దగ్గరున్నా పట్రండి. పనిచేస్తున్నా సరే, 350 తిరిగిచ్చేస్తాను. బిల్లు అక్కర్లేదు, అడుగున నేను అంటించిన పసుపు స్టిక్కర్ చాలు. ఆ అయిదుగురి అద్దె డబ్బులు ఇప్పటికే పంపేశాను. జనవరిలో మళ్ళీ వెళ్తామన్నారు. ఈసారి లైటర్ వాళ్ళే తెచ్చుకుంటారట.