బుజ్జికి, నీ కొత్త ఫీచర్ల గురించి

విజయవాడ

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ బ్లాగు సర్వీసులో కొత్తగా పెట్టబోయే ఫీచర్లంటూ వాట్సాప్‌లో పంపిన లిస్టు చదివాను. కామెంట్లు, ఈమెయిల్ చందాలు, ఒకరినొకరు ఫాలో అవడం, థీములు, ఎంతమంది చదివారో లెక్కలు. రాసినవాళ్లు తమ పోస్టులన్నీ డౌన్‌లోడ్ చేసుకునే ఎక్స్‌పోర్ట్‌ను మాత్రం అట్టడుగున, "వీలుంటే" అని పెట్టావు. దాన్ని అన్నిటికంటే పైకి తీసుకురమ్మని చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు.

మన డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు నీకు గుర్తుండే ఉంటాయి. కవితా సంపుటాలు, కాలేజీ సావనీర్లు, స్థల పురాణాలు. అప్పటి తెలుగు ఫాంట్లు, ఇప్పటిలా ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌వి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తలకట్టో గుడో ఒత్తో కూర్చి పెట్టినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో పేజీ చక్కగా కనిపిస్తుంది, లేనిచోట తెరిస్తే పిచ్చి గీతలు. ఇప్పటికీ ఎవరో ఒకరు పాత సీడీ పట్టుకుని వస్తూనే ఉంటారు, "మా నాన్నగారి పుస్తకం మళ్లీ వేయించాలండీ" అంటూ. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు ఎక్కడివక్కడ తారుమారు. చివరికి అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి నుంచి టైపు చేయడమే. డబ్బులు నాకే వస్తాయనుకో, అయినా తన సొంత రాతకు రెండోసారి కూలి ఇచ్చుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

లైవ్‌జర్నల్ అనే బ్లాగు సైటు కథ నువ్వు చెప్పిందే. 1999లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే కాలేజీ కుర్రాడు అమెరికాలో మొదలుపెట్టాడు. స్నేహితుల రాతలన్నీ ఒకేచోట చూపించే పేజీ జనానికి తెగ నచ్చింది. కానీ అది ఎవరికివారికి విడిగా తయారు కావాలి కాబట్టి బరువంతా డేటాబేసు మీద పడేది. సైటు కుదేలవుతుంటే ఆ బరువు దించడానికే 2003లో, తరచూ అడిగే సమాచారాన్ని మెమరీలో ఉంచే ప్రోగ్రాము మెమ్‌క్యాష్‌డీ రాశాడు. నీ ఫాలో ఫీచరూ అదే జాతిది, చూసుకో. తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. 2005లో ఒక అమెరికా కంపెనీ కొంది, 2007లో రష్యా కంపెనీ చేతికి పోయింది, 2016 చివరికి సర్వర్లూ రష్యాకు వెళ్లాయి. అమెరికాలో కూర్చుని డైరీ రాసుకున్నవాళ్ల రాతలు వాళ్లకు తెలియని దేశానికి చేరాయి. పోస్టరస్ అనే ఇంకో బ్లాగు సైటు సంగతి ఇంకా త్వరగా తేలిపోయింది, ట్విట్టర్ 2012లో కొని 2013 ఏప్రిల్ 30న మూసేసింది.

నువ్వు అమ్మేస్తావని కాదు. ఒక్కదానివే నడుపుతున్నావు, జ్వరమొచ్చినా పెళ్లి కుదిరినా (అమ్మ ఈ మాట రాయమంది) సైటు నీ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని ఒక బటన్ పెట్టు. నొక్కితే పోస్టులన్నీ తేదీలతో, బొమ్మలతో సహా ఒక జిప్ ఫైల్లో రావాలి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలిగేలా మామూలు టెక్స్టులో ఉండాలి. ప్రోగ్రామర్లకు మాత్రమే అర్థమయ్యే ఫైలు ఇచ్చి చేతులు దులుపుకోకు.

కామెంట్లు ఇప్పుడే వద్దు. బ్లాగులకు చోటిచ్చినందుకే 2021 ఐటీ రూల్స్ నీకు వర్తిస్తాయి. ఫిర్యాదుల అధికారి పేరు సైటులో పెట్టాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఆ అధికారివీ నువ్వే, ప్రోగ్రామరువీ నువ్వే. కామెంట్లు తెరిస్తే కులాల మీద, హీరోల మీద కొట్టుకునేవాళ్ల మధ్య అర్ధరాత్రి పంచాయితీ కూడా నీదే. దానికి బదులు పోస్టు కింద "రచయితకు ఉత్తరం రాయండి" అని ఒక లింకు చాలు.

ఈమెయిల్ చందాలు మంచివే. కాకపోతే 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ గట్టి నియమాలు పెట్టింది. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000 దాటి మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిలు నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లు) మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి. చిన్నవాళ్లకు ఇంత లేదు గానీ, నీ బ్లాగర్లందరి మెయిళ్లూ ఒకే డొమైన్ మీద వెళతాయి కదా. ఒకడు ఎక్కడో కొన్న అడ్రసుల లిస్టు ఎక్కించాడంటే అందరి మెయిళ్లూ స్పామ్‌లో పడతాయి. లిస్టు అప్‌లోడ్ చేసే సౌకర్యమే పెట్టకు. చదివేవాళ్లు తామే అడ్రసు ఇచ్చి, మెయిల్లో వచ్చిన లింకు నొక్కితేనే చందాదారు.

ఇక నా ఫిర్యాదులు. థీముల కంటే ఇవి ముందు చూడు. నీ టైటిళ్లలో వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయేంతే ఉంది. టైటిల్ రెండు వరుసలైతే పై వరుసలో "రాష్ట్రం" ఒత్తులు వచ్చి కింది వరుసలో "స్త్రీ" గుడి దీర్ఘాన్ని గుద్దుకుంటున్నాయి. హోమ్ పేజీలో పోస్టు మొదటి ముక్క చూపించేటప్పుడు అక్షరాలు లెక్కపెట్టి కోస్తున్నావు. కంప్యూటర్ లెక్కలో ఒత్తు వేరు, గుణింతం గుర్తు వేరు కాబట్టి మొన్న నా పోస్టులో శాస్త్రి గారు కాస్తా "శాస్" దగ్గర ఆగిపోయారు. ఖాళీ ఉన్నచోట కోయి, పదం మధ్యలో వద్దు. తెలుగు టైటిళ్లతో తయారయ్యే లింకులు మరీ ఘోరం. ఒక్కో తెలుగు గుర్తు, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, కాపీ చేసేసరికి ఒక్కో బైటూ (%E0 లాగా) మూడు అక్షరాలవుతుంది. "ఉగాది" ఒక్కటే 45 అక్షరాలు! లింకు ముక్కను రాసినవాళ్లే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకునే వీలివ్వు.

ఇవి ముసలాడి చాదస్తాలు అనుకోకు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక పద్ధతిలో కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి, ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. వేలమంది ఇంజనీర్లున్నచోటే అలా జరిగింది.

షాపుకు కొత్త ఫాంటు వస్తే ముందు కొట్టి చూసే మాటలు ఇవి: స్త్రీ, జ్ఞానం, రాష్ట్రీయం, లక్ష్మి, ఉత్ప్రేక్ష, క్రౌంచం, కాత్యాయని, వాఙ్మయం. టైటిల్లో, హోమ్ పేజీలో, మెయిల్లో, ఎక్స్‌పోర్ట్ ఫైల్లో అన్నిచోట్లా వేసి చూడు. ఎక్కడ విరిగాయో స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తే ఆదివారం కూర్చుని చూస్తాను. టైముకు తిను.

ఇట్లు,
నాన్న